వీసా పైసలు వెనక్కి ఇప్పించిన పని: దోహాలో నా అనుభవం

మా కంపెనీలో ప్రతి కార్మికుడి ఫైల్లోనూ ఒక కాగితం ఉండేది. ‘ఈ ఉద్యోగం కోసం నేను ఏ ఏజెంటుకూ డబ్బు ఇవ్వలేదు’ అని దాని సారాంశం. కింద సంతకమో వేలిముద్రో ఉండేది. ఆ కాగితాల్లో చాలావరకు అబద్ధం. రాయించుకున్న ఏజెంటుకు ఆ సంగతి తెలుసు, ఫైల్లో పెట్టుకున్న కంపెనీకి తెలుసు, అప్పు తెచ్చి పైసలు కట్టి, కట్టలేదని సంతకం పెట్టినవాడికి అందరికన్నా బాగా తెలుసు. ఆ కాగితాలను పక్కన పెట్టించి, కట్టిన పైసలు కార్మికుల జీతంలో కలిసి తిరిగి వచ్చేదాకా జరిగిన పనిలో నేను కూడా ఉన్నాను. గల్ఫ్‌కు మనిషిని పంపిన ఇళ్లలో, పంపబోతున్న ఇళ్లలో ఈ సంగతి తెలియాలని రాస్తున్నాను.

మాది జగిత్యాల జిల్లా. డిగ్రీ అయ్యాక టైమ్‌కీపర్ వీసా మీద ఖతార్ వెళ్లాను. సైటులో ఎవరు ఎప్పుడు వచ్చారు, ఎన్ని గంటలు ఓవర్‌టైమ్ చేశారు అని రాసుకునే పని. నా వీసాకు మా నాన్న నూటికి రెండు రూపాయల మిత్తికి పైసలు తెచ్చాడు. అంటే లక్షకు నెలకు 2 వేలు మిత్తికే పోతాయి, అసలు కదలదు. మా ఊళ్లో అది పెద్ద మిత్తి కూడా కాదు, మూడు రూపాయలకు తెచ్చినవాళ్లు ఉన్నారు. కాబట్టి సైటులో హాజరు వేస్తున్నప్పుడు ఆ పేర్ల వెనుక ఏ అప్పులు ఉంటాయో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ప్రపంచకప్ ఫుట్‌బాల్‌ను 2010లో ఖతార్‌కు ఇచ్చినప్పటి నుంచి అక్కడి కార్మికుల పరిస్థితి మీద ప్రపంచమంతా మాట్లాడటం మొదలైంది. స్టేడియాల బాధ్యత చూసిన సుప్రీం కమిటీ 2014లో వర్కర్స్ వెల్ఫేర్ స్టాండర్డ్స్ పేరుతో ఒక నియమావళి తెచ్చింది. దాన్ని స్టేడియం పనులు తీసుకునే కాంట్రాక్టర్ల ఒప్పందాల్లో భాగం చేశారు. ఈ చిన్న మాటలోనే దాని బలమంతా ఉంది. చట్టాన్ని తప్పితే కేసు ఎప్పుడు తేలుతుందో, అసలు తేలుతుందో లేదో. ఒప్పందాన్ని తప్పితే బిల్లు ఆగుతుంది, తర్వాతి పని రాదు. మా కంపెనీ ఒక పెద్ద కాంట్రాక్టర్ కింద పని తీసుకున్న చిన్న సబ్ కాంట్రాక్ట్ కంపెనీ. బిల్లు ఆగుతుందన్న భయం మా మేనేజర్లను కదిలించినంతగా ఇంకేదీ కదిలించలేదు. ఆ నియమావళి ప్రకారం కంపెనీకి వెల్ఫేర్ ఆఫీసర్ ఉండాలి. తెలుగు, హిందీ, ఉర్దూ మాట్లాడతానని, కొంత నేపాలీ అర్థమవుతుందని నన్ను ఆ సీట్లో కూర్చోబెట్టారు.

నియమావళిలో చాలా సంగతులు టేపు పెట్టి కొలవగలిగినవే. గదికి నలుగురికి మించి ఉండకూడదు. మనిషికి 6 చదరపు మీటర్ల జాగా ఉండాలి. మంచం మీద మంచం వేయకూడదు. పాస్‌పోర్టు కార్మికుడి దగ్గరే ఉండాలి, దాచుకోవడానికి తాళం ఉన్న పెట్టె ఇవ్వాలి. పాస్‌పోర్టు సంగతి చట్టంలో కూడా ఉంది, 2015లో వచ్చిన 21వ నంబర్ చట్టం ప్రకారం దాన్ని లాక్కుంటే యజమానికి 25 వేల రియాళ్ల దాకా జరిమానా. ఇవన్నీ చేయడానికి మాకు కొన్ని నెలలు పట్టింది, కానీ పెద్దగా వాదనలు జరగలేదు. మంచాలు కొన్నారు, లాకర్లు పెట్టారు, పాస్‌పోర్టులు పంచారు. ఆడిటర్ వచ్చి లెక్క చూసి టిక్కు పెట్టుకుని పోయాడు.

వీసా పైసల దగ్గర మాత్రం బండి ఆగింది.

కార్మికుడి నుంచి రిక్రూట్‌మెంట్ ఖర్చు తీసుకోకూడదని ఖతార్ కార్మిక చట్టంలో ముందే ఉంది. అది 2004 నాటి 14వ నంబర్ చట్టం, 33వ అధికరణం. మరి ఇన్నేళ్లూ ఎలా తీసుకున్నారు? తీసుకున్నది ఖతార్‌లో కాదు కదా. కోరుట్లలో ఒక ఇంటి వరండాలో తీసుకున్నారు, ముంబైలో ఒక లాడ్జి గదిలో తీసుకున్నారు, ఖాట్మండులో, ఢాకాలో తీసుకున్నారు. దోహాలో ఉన్న కంపెనీ చేతులు శుభ్రంగానే కనిపిస్తాయి. విదేశాల్లో పని చేయించే ఏ కంపెనీ నియమావళికైనా ఇదే బలహీనమైన చోటు అని నా అభిప్రాయం. తన గేటు లోపల జరిగేదాన్ని చూస్తుంది, గేటు దాకా ఆ మనిషి ఎలా వచ్చాడో చూడదు.

దానికి తోడు దేశానికో లెక్క. మన దేశంలో 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద లైసెన్సు ఉన్న ఏజెన్సీ 30 వేల రూపాయల దాకా సర్వీస్ చార్జీ తీసుకోవచ్చు. జీఎస్టీ కలిపితే 35,400. నేపాల్‌లో 2015 నుంచి ‘ఫ్రీ వీసా, ఫ్రీ టికెట్’ అన్నారు కానీ 10 వేల నేపాలీ రూపాయలు తీసుకునే వీలు ఉంచారు. దోహాలో నియమావళి మాత్రం సున్నా అంది. మన దగ్గర రసీదుతో చట్టబద్ధంగా తీసుకున్న పైసలు కూడా అక్కడ తప్పే. ఇక లైసెన్సు లేని సబ్ ఏజెంటు తీసుకునేదానికి లెక్కే లేదు. కార్మికులు ఉండే మా క్యాంపులో తెలంగాణ వాళ్లు 70 వేల నుంచి లక్ష పైన కట్టి వచ్చినవాళ్లు. బంగ్లాదేశ్ వాళ్లు మాకన్నా చాలా ఎక్కువ కట్టారు. అప్పట్లో రియాల్ 18, 19 రూపాయలు. నెలకు 900 రియాళ్ల జీతం వచ్చే హెల్పర్ లక్ష రూపాయలు కట్టాడంటే, ఒక్క రియాల్ కూడా ఖర్చు పెట్టకుండా అర సంవత్సరం పని చేస్తేనే ఆ అప్పు తీరుతుంది.

మొదట కంపెనీ చేయించిన ఇంటర్వ్యూలు ఎలా ఉండేవో చెప్పాలి. క్యాంపు మెస్‌లో బల్ల వేసేవారు. పక్కనే క్యాంప్ బాస్ కూర్చునేవాడు. ఫారంలో ఒకటే ప్రశ్న: ఉద్యోగం కోసం ఎవరికైనా డబ్బు ఇచ్చారా? అందరూ లేదనే అన్నారు. ముంబైలో విమానం ఎక్కే ముందు రోజు ఏజెంటు ఆఫీసులో ఫోను కెమెరా ముందు నిలబెట్టి అదే మాట చెప్పించుకున్నారట. ‘దోహాలో ఎవరైనా అడిగితే ఇదే చెప్పు, లేకుంటే వాపస్ పంపుతరు’ అని బెదిరించి పంపారు. వాళ్లు ఆ పాఠం మరిచిపోలేదు.

నాకు ఆ ఫారాలు పంపాలని అనిపించలేదు. పెద్ద కాంట్రాక్టర్ దగ్గర వెల్ఫేర్ చూసే ఆవిడ ఫిలిప్పీన్స్ మనిషి, ఈ పనిలో చాలా అనుభవం ఉంది. ఆవిడతో మాట్లాడాక పద్ధతి మార్చాం. శుక్రవారం సెలవు రోజు, క్యాంపు బయట, క్యాంప్ బాస్ లేకుండా, ఎవరి భాషలో వాళ్లతో మాట్లాడాలి. పేరు రాయకూడదు. ‘డబ్బు ఇచ్చారా’ అని అడగనే కూడదు. ఇంటి సంగతులు అడగాలి. ఎంత మిత్తికి తెచ్చావు? ఎవరి దగ్గర? మొదటి జీతం దేనికి పోయింది? భూమి ఏమైనా కుదువ పెట్టారా? ఇంట్లో బంగారం ఉందా, బ్యాంకులో ఉందా?

సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, స్టీల్ ఫిక్సర్, చాలాసేపు నా మొహం చూస్తూ ఉండిపోయాడు.

“సారూ, ఇచ్చిన్నని చెప్తె నన్ను ఇంటికి తోలుతరా?” అన్నాడు.

“తోలరు కాకా. నీ పేరు నేను రాస్తలేను, చూడు” అని కాగితం చూపించాను.

“మరి రాసుకో. లక్షా పది. దాంట్ల మా బిడ్డ పెండ్లికి దాసినయి నలభై. మిగిలినయి మూడు రూపాయల మిత్తి.”

ఆయన తర్వాత గదిలో మిగతావాళ్లు కూడా నోరు విప్పారు. అప్పు సంగతి అడిగితే మనిషి అబద్ధం చెప్పడు, చెప్పలేడు, ప్రతి నెలా దాని టెన్షన్‌తోనే బతుకుతుంటాడు కాబట్టి. కొన్ని వారాల్లో మా దగ్గర దేశాల వారీగా, ఏజెన్సీల వారీగా ఒక పట్టిక తయారైంది. ఒకే ఏజెన్సీ నుంచి ఒకే నెలలో వచ్చినవాళ్లు ఒకరికొకరు తెలియకుండా చెప్పిన మొత్తాలు దాదాపు ఒకేలా ఉన్నాయి. అది చూశాక ఇది కట్టుకథ అనడానికి ఎవరికీ నోరు రాలేదు.

అయినా అకౌంట్స్ వాళ్లు రసీదు అడిగారు. రసీదు లేకుండా కంపెనీ పైసలు ఎలా ఇస్తుంది అన్నారు. సబ్ ఏజెంటు రసీదు ఇస్తాడా? నగదు తీసుకుంటాడు, లెక్కపెట్టుకుంటాడు, జేబులో వేసుకుంటాడు. రసీదు అడిగితే పాస్‌పోర్టు వెనక్కి విసిరేస్తాడు. రసీదు ఉంటేనే తిరిగి ఇస్తామనడం ఎప్పటికీ ఇవ్వమని చెప్పడమే.

ఇక్కడే సుప్రీం కమిటీ తీసుకున్న నిర్ణయం మాకు దారి చూపింది. కార్మికుడు రుజువు తేవాల్సిన పని లేదు అన్నారు. కార్మికుడు ఏమీ కట్టలేదని నిరూపించాల్సింది కాంట్రాక్టర్. నిరూపించలేకపోతే అందరికీ తిరిగి ఇవ్వాలి, నెలనెలా జీతంతో కలిపి కొంత కొంతగా ఇవ్వవచ్చు. బయటి నుంచి తనిఖీకి 2016 నుంచి లండన్‌కు చెందిన ఇంపాక్ట్ అనే సంస్థ ఉండేది, వాళ్లు కార్మికులతో విడిగా మాట్లాడేవారు. అంటే మేం రాసిన మాట నిజమో కాదో ఇంకొకరు చూసేవారు.

మా కంపెనీ గదిలో ఆ రోజుల్లో జరిగిన వాదనలు ఇప్పటికీ మాటకు మాట గుర్తున్నాయి. ఫైనాన్స్ మేనేజర్ మంచివాడే, కానీ డబ్బు విషయంలో గట్టి మనిషి. భారతదేశంలో చట్టమే 30 వేలు తీసుకోమంటోంది కదా, దానికి మనమెందుకు బాధ్యులం అన్నాడు. ఆ 30 వేలు చట్టబద్ధమే కావచ్చు, మనం సంతకం పెట్టిన ఒప్పందంలో సున్నా అని ఉంది అని పెద్ద కాంట్రాక్టర్ మనిషి జవాబిచ్చింది. అసలు కట్టనివాళ్లు కూడా లైన్లో నిలబడతారు అన్నాడు. నిలబడనీ, వాళ్లు ఎంతమంది ఉంటారో మన పట్టికే చెబుతోంది అన్నాం. చివరికి ఆయన చెప్పిన మాట: ఏజెన్సీలతో మనకు ఒప్పందాలు ఉన్నాయి, తప్పు వాళ్లది, వాళ్లనే అడగండి.

సరే, ఆ ఒప్పందాలే తెప్పించాం. హైదరాబాద్ ఏజెన్సీది, ముంబై ఏజెన్సీది, ఖాట్మండు ఏజెన్సీది. వాటిలో మనిషికి కంపెనీ ఇవ్వాల్సిన సర్వీస్ చార్జీ అన్న చోట సున్నా ఉంది. మాకు మనుషుల్ని వెతికి, పరీక్ష పెట్టి, మెడికల్ చేయించి పంపినందుకు కంపెనీ ఆ ఏజెన్సీలకు ఏమీ ఇవ్వలేదు. టికెట్ కూడా కొన్ని బ్యాచ్‌లకు వాళ్లే పెట్టుకున్నారు. ఏజెన్సీ ఏమన్నా ధర్మసత్రమా? కంపెనీ ఇవ్వని పైసలు ఎవరో ఒకరు ఇస్తేనే కదా ఆ విమానం ఎగిరింది. ఆ కాగితాలు బల్ల మీద పెట్టాక వాదన అక్కడితో ముగిసింది. కార్మికుడి దగ్గర రసీదు లేదు గానీ, కంపెనీ సొంత ఖాతాలోనే రుజువు ఉంది. ఈ పనిలో నేను నేర్చుకున్నదాంట్లో ఇంతకన్నా పనికొచ్చేది ఇంకోటి లేదు. ఇప్పుడు ఎవరైనా మా కంపెనీ ఎథికల్ రిక్రూట్‌మెంట్ (కార్మికుడి దగ్గర పైసలు తీసుకోకుండా నియామకం) చేస్తుంది అంటే నేను అడిగేది ఒక్కటే: ఏజెన్సీకి మనిషికి ఎంత ఇస్తున్నారు, ఆ ఇన్‌వాయిస్ చూపించండి.

తిరిగి ఇవ్వడానికి దేశాల వారీగా ఒక్కో మొత్తం నిర్ణయించారు. నిజంగా కట్టినదానికన్నా అది తక్కువే. మిత్తి లెక్కలోకి రాలేదు. దీని మీద నేను గట్టిగా అడిగాను, ఫలితం రాలేదు. ఆ సిరిసిల్ల పెద్దాయన లెక్కలో అసలుకన్నా మిత్తే ఎక్కువ బాధ పెట్టింది, ఆ భాగం ఆయన తన చెమటతోనే తీర్చుకున్నాడు.

పైసలు ఇవ్వడం మొదలుపెట్టాక ఇంకో చిక్కు వచ్చింది. కార్మికులు నమ్మలేదు. జీతం స్లిప్పులో కొత్త వరుస కనిపించగానే అది అడ్వాన్స్ అని, తర్వాత కోస్తారని క్యాంపంతా పాకింది. ఫైనల్ సెటిల్‌మెంట్‌లో గ్రాట్యుటీ నుంచి మినహాయిస్తారని ఇంకో పుకారు. కొందరు సంతకం పెట్టమంటే పెట్టలేదు. కంపెనీ తనంతట తాను పైసలు తిరిగి ఇవ్వడం వాళ్లు ఎన్నడూ చూడలేదు, ఆ అనుమానంలో తప్పేమీ లేదు. రాత్రిపూట గది గదికీ తిరిగి చెప్పాం. ప్రతి నెలా కార్మికుల ప్రతినిధులతో జరిగే వెల్ఫేర్ ఫోరం మీటింగులో దీన్నే మొదటి అంశంగా పెట్టాం. ‘ఇది నీ పైసలే, నువ్వు ఏజెంటుకు కట్టినయి, కంపెనీ కట్టవలసినయి, అందుకే తిరిగి ఇస్తున్నది’ అని తెలుగులో, హిందీలో, నేపాలీలో, బెంగాలీలో కాగితం అంటించాం. మూడో నెల జీతం పడ్డాక పుకార్లు తగ్గాయి.

అసలు గొడవ క్యాంపులోపలే వచ్చింది. మా కంపెనీకి స్టేడియం పని కాకుండా వేరే బిల్డింగుల పనులు కూడా ఉన్నాయి. ఒకే గదిలో నలుగురు ఉంటే ఇద్దరు స్టేడియానికి, ఇద్దరు బిల్డింగుకు పోయేవారు. ఒకే ఊరి నుంచి, ఒకే ఏజెంటుకు పైసలు కట్టి, ఒకే విమానంలో వచ్చినవాళ్లు. ఇద్దరికి పైసలు వస్తున్నాయి, ఇద్దరికి రావడం లేదు. నియమావళి స్టేడియం పనులకే వర్తించేది, కాగితం ప్రకారం కంపెనీ చేసింది సరైనదే. కానీ ఆ గదిలోకి పోయి నిలబడి ఆ మాట చెప్పండి చూద్దాం.

ఈ చిక్కు మా ఒక్కరిదే కాదని తర్వాత తెలిసింది. సుప్రీం కమిటీ ప్రకటించిన లెక్కల ప్రకారం 266 మంది కాంట్రాక్టర్లు సుమారు 49 వేల మంది కార్మికులకు 10 కోట్ల రియాళ్ల పైచిలుకు తిరిగి ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ఆ 49 వేలలో స్టేడియం పనుల్లో ఉన్నవాళ్లు 18 వేల మందే. మిగతా 31 వేల మంది అవే కంపెనీల్లో వేరే పనులు చేస్తున్నవాళ్లు. అంటే చాలా కంపెనీలు నియమావళి గీసిన గీత దాటి మరీ ఇచ్చాయి. మా కంపెనీ కూడా కొంత ఆలస్యంగా అయినా అందరికీ వర్తింపజేసింది. దయతో చేశారని అనను. గదుల్లో కొట్లాటలు, సైటు మార్చమని రోజూ అర్జీలు భరించలేక చేశారు. ఎందుకు చేస్తేనేం, ఆ మిగతా ఇద్దరికి కూడా పైసలు అందాయి.

అందనివాళ్లు ఉన్నారు. అంతకుముందే పని మానేసి ఇంటికి వెళ్లిపోయినవాళ్లకు మా కంపెనీ ఏమీ ఇవ్వలేదు. వాళ్ల జాబితా, ఊళ్లు, బ్యాంకు ఖాతాలు అన్నీ హెచ్‌ఆర్‌లో ఉన్నాయి. వాళ్లకు కూడా పంపాలని రాసి ఇచ్చాను, జవాబు రాలేదు. సెలవుకు ఊరికి పోయినప్పుడు అలాంటివాళ్లు కలుస్తారు. ‘మీ కంపెనీల పైసలిచ్చిండ్రట గద తమ్మీ, మాకేమన్న వస్తయా?’ అని అడుగుతారు. వాళ్లు కట్టిన స్టేడియంలోనే ఆటలు జరిగాయి. వాళ్లు కట్టిన పైసలు మాత్రం ఏజెంటు దగ్గరే ఉండిపోయాయి.

ఈ మధ్యలో పద్ధతులు కొన్ని మారాయి. 2019 నుంచి హైదరాబాద్‌లో ఖతార్ వీసా సెంటర్ ఉంది, మెడికల్, వేలిముద్రలు, ఒప్పందం మీద సంతకం ఇక్కడే అయిపోతాయి. ఇక్కడ ఒక జీతం చెప్పి అక్కడ ఇంకో జీతం కాగితం ముందు పెట్టే మోసం దీనివల్ల బాగా తగ్గింది. 2020లో కంపెనీ మారడానికి పాత యజమాని ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) అక్కర్లేదన్నారు. 2021 మార్చి నుంచి కనీస వేతనం 1000 రియాళ్లు, తిండి, బస కంపెనీ ఇవ్వకపోతే వాటికి 300, 500 అదనం. ఇవన్నీ మంచివే. కానీ వీసా సెంటర్ గుమ్మం దాకా మనిషిని తీసుకొచ్చేది ఇంకా ఆ సబ్ ఏజెంటే.

ఇప్పుడు పోయేవాళ్లకు నేను చెప్పే మాటలు కొన్ని ఉన్నాయి. ఏజెన్సీకి లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసుకోండి. పైసలు కట్టక తప్పని పరిస్థితి వస్తే నగదు ఇవ్వకండి, ఫోన్‌పేలోనో బ్యాంకులోనో వేయండి, ఎవరి ఖాతాకు ఏ తేదీన పోయిందో ఆ మెసేజ్ ఇంట్లో ఒకరి ఫోనులో కూడా ఉంచండి. కట్టలేదని వీడియో తీయించుకుంటే తీయించుకోనివ్వండి, అక్కడికి పోయాక వెల్ఫేర్ వాళ్లు విడిగా అడిగినప్పుడు మాత్రం నిజం చెప్పండి. నాకు తెలిసి మా దగ్గర నిజం చెప్పినందుకు ఎవర్నీ వెనక్కి పంపలేదు.

ప్రపంచకప్ అయిపోయాక మా కంపెనీ సగానికి సగం తగ్గింది. నేను దోహాలోనే ఒక క్లీనింగ్, మెయింటెనెన్స్ కంపెనీలో చేరాను. మేం పనిచేసే ఆఫీసులు కొన్ని బహుళజాతి సంస్థలవి. వాటికి సొంతంగా సప్లయర్ కోడ్ (తమకు పని చేసే కంపెనీలు పాటించాల్సిన నియమాలు) ఉంది, అందులోనూ కార్మికుడి దగ్గర పైసలు తీసుకోరాదని ఉంది. కొత్తగా వచ్చిన బ్యాచ్‌లో నిజామాబాద్, జగిత్యాల పిల్లలు ఉన్నారు. శుక్రవారం విడిగా కూర్చోబెట్టి మిత్తి సంగతి అడిగాను, చెప్పారు. పట్టిక వేసి మేనేజరుకు ఇచ్చాను. ఏజెన్సీతో మన ఒప్పందంలో మనిషికి ఎంత అని ఉందో ఆ పేజీ చూపించమని అడిగాను. రేపు, ఎల్లుండి అంటున్నారు. వచ్చే ఆడిట్‌కు ముందు ఆ పేజీ బల్ల మీదకు రాకపోతే క్లయింటుకు నేనే రాస్తానని చెప్పి ఉంచాను.